న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం

ఏ ఊళ్ళోనైనా వ్యాసరచన పోటీ కరపత్రం ఒకటి తీసి చూడండి. అడుగున, ప్రెస్సు పేరుకి కాస్త పైన, చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. "న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం." ఆ లైను నేనూ ఒకసారి వాడుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవానికని, పక్క ఊళ్ళో ఒక సంస్థవాళ్ళు జడ్జిగా రమ్మన్నారు. ముగ్గురం జడ్జీలం, నలభై పైచిలుకు పేపర్లు, గంటన్నర టైము, మధ్యలో టీ, సమోసా. అంశం మీరు ఊహించిందే: "సైన్స్ వరమా? శాపమా?" మార్కుల షీటులో గడులు గీసి ఉన్నాయి. విషయం 10, భాష 5, శైలి 5, చేతిరాత 5.

ఒక కుర్రాడు వరమనీ రాయలేదు, శాపమనీ రాయలేదు. వరమని తేల్చాలంటే ముందు ఏం కొలవాలి అని అడిగాడు. మనుషుల ఆయుర్దాయం కొలిస్తే ఒక జవాబు వస్తుందట, మా ఊరి చెరువులో చేపలు లెక్కపెడితే ఇంకో జవాబు వస్తుందట. ఏది కొలవాలో సైన్స్ చెప్పదు, మనమే చెప్పాలి, ఆ "మనం" ఎవరు అని రెండు పేజీలు రాశాడు. అక్షరాలు కోడి గీతలు. నేను మార్జిన్లో "అంశం దాటాడు" అని రాసి 25కి 11 వేశాను. ఫస్టు ప్రైజు ఐన్‌స్టీన్ మాటతో మొదలుపెట్టి పద్యంతో ముగించిన పేపరుకి వెళ్ళింది.

సభ అయ్యాక వరండాలో ఆ కుర్రాడు నా దగ్గరకొచ్చి మెల్లిగా అడిగాడు. "సార్, నాకు ఎక్కడ తగ్గాయో చెప్తారా?" నిజానికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నవ్వి, కరపత్రం అడుగున లైను చూపించాను. వాడు కూడా నవ్వి వెళ్ళిపోయాడు.

ఇది ఇప్పుడెందుకంటే, సైన్స్ ఫిలాసఫీలో ఇచ్చే బహుమతుల గురించి చాన్నాళ్ళుగా రాయాలనుకుంటున్నాను. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ముందు ఆ వరండానే గుర్తొస్తోంది. ఒక సిద్ధాంతాన్ని ఎందుకు ఒప్పుకోవాలి, ఏ ఆధారంతో ఒప్పుకోవాలి అని నిలదీయడమే వృత్తిగా ఉన్నవాళ్ళు సైన్స్ ఫిలాసఫర్లు. వీళ్ళే జడ్జీలుగా కూర్చుంటే తీర్పు ఎలా చెబుతారు? అది చూడాలని నాకు మొదట్నుంచీ కుతూహలం.

ఈ రంగంలో బాగా పేరున్న బహుమతి లాకటోష్ అవార్డు. లాట్సిస్ ఫౌండేషన్ ఇచ్చిన నిధితో 1986 నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ దీన్ని ఇస్తోంది. మొత్తం 10,000 పౌండ్లు. ఆ ముందు ఐదారేళ్ళలో ఇంగ్లీషులో వచ్చిన పుస్తకానికే ఇస్తారు. గెలిచినవాళ్ళు లండన్ వెళ్ళి ఒక ఉపన్యాసం ఇవ్వాలి. మొదటి ఏడాది ఇద్దరికి పంచారు. ఒకరు బాస్ వాన్ ఫ్రాసెన్, ఆయన పుస్తకం "ద సైంటిఫిక్ ఇమేజ్". కంటికి కనిపించని ఎలక్ట్రాన్లను నిజంగా నమ్మనక్కర్లేదు, వాటితో కట్టిన సిద్ధాంతం కనిపించేవాటికి సరిపోతే చాలు అంటాడాయన. రెండోవారు హార్ట్రీ ఫీల్డ్, పుస్తకం "సైన్స్ వితౌట్ నంబర్స్". ఈయన దృష్టిలో అసలు అంకెలే లేవు. అంకెల్లేవన్న మనిషి అంకె వేసిన చెక్కు పుచ్చుకున్నాడన్న మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

నవ్వు సంగతి అలా ఉంచితే, ఇక్కడ అసలు ఇబ్బంది ఒకటుంది. బహుమతి ఎవరి పేరున ఉందో, ఆయన జీవితమంతా చెప్పింది తొందరపడి తీర్పు చెప్పొద్దనే.

ఇమ్రే లాకటోష్ 1922లో హంగరీలో, డెబ్రెట్సెన్ ఊళ్ళో యూదు కుటుంబంలో పుట్టాడు. తల్లి, అమ్మమ్మ నాజీల ఆష్‌విట్స్ శిబిరంలో పోయారు. యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వంలో విద్యాశాఖలో పనిచేశాడు. 1950లో అదే ప్రభుత్వం పట్టుకుని రెచ్క్ శిబిరంలో మూడేళ్ళకు పైగా పెట్టింది. 1956లో దేశం దాటి కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసి, 1960లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరాడు. 1974లో, 51 ఏళ్ళకే పోయాడు. తీర్పులు ఎంత వేగంగా పడతాయో, ఎంత వేగంగా తిరగబడతాయో ఆయనకి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు.

ఆయన చెప్పింది ఇది. సిద్ధాంతాన్ని ఒంటరిగా తీసుకుని, ఒక ప్రయోగంతో పాస్, ఫెయిల్ అనలేం. కొన్నేళ్ళ పాటు సాగే పరిశోధన కార్యక్రమాన్ని మొత్తంగా చూడాలి. అది కొత్త విషయాలు ముందుగా చెప్పగలుగుతోందా, లేక తప్పులకి అతుకులు వేసుకుంటూ బతుకుతోందా అన్నది అప్పటికప్పుడు తెలియదు. చాలాకాలం పోయాక, వెనక్కి తిరిగి చూస్తేనే తెలుస్తుంది.

ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో నాకు క్లాసులో బాగా పనికొచ్చేది ప్రౌట్ కథ. విలియం ప్రౌట్ అనే లండన్ డాక్టరు 1815లో అన్నాడు: అన్ని మూలకాల పరమాణు భారాలూ హైడ్రోజన్ భారానికి పూర్ణాంక గుణిజాలేనని. చూడ్డానికి ముచ్చటైన ఊహే. కానీ క్లోరిన్ దగ్గర ఆగిపోయింది. 35.5. ఆ అర ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంటర్ పిల్లలకీ ఆ అర కంఠతా వచ్చు. బెల్జియం రసాయన శాస్త్రవేత్త స్తాస్ మొదట ప్రౌట్‌ని నమ్మినవాడే. ఏళ్ళ తరబడి అతి జాగ్రత్తగా తూచి తూచి, 1860లో ఇది ఒట్టి భ్రమ అని తేల్చేశాడు. ఆ ఏడు బహుమతి కమిటీ ఏదైనా కూర్చుని ఉంటే ఎవరికిచ్చేది? సందేహం లేకుండా స్తాస్‌కే, అదీ న్యాయంగానే. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో వేరువేరు భారాలున్న పరమాణువులు, బయటపడ్డాయి. క్లోరిన్‌లో 35 భారం ఉన్నవీ, 37 ఉన్నవీ దాదాపు మూడు పాళ్ళకి ఒక పాలుగా కలిసి ఉన్నాయి. స్తాస్ తూకం ఒప్పే. ప్రౌట్ ఊహ కూడా చాలావరకు ఒప్పే. ఇది తేలడానికి వందేళ్ళు పట్టింది.

వందేళ్ళు ఆగమన్న మనిషి పేరు మీద ఐదారేళ్ళ గడువు పెట్టారన్న మాట.

లాకటోష్ స్నేహితుడు, తనూ సైన్స్ ఫిలాసఫరే అయిన ఫాయెరాబెండ్ దీన్ని ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. ఎంతకాలం ఆగాలో చెప్పకుండా ఆగమంటే అది కొలబద్ద ఎలా అవుతుంది, మాటల అలంకారమే కదా అని ఎత్తిపొడిచాడు. నాకూ అది నిజమే అనిపిస్తుంది. ఆగుతూ పోతే ఏమవుతుందో మన సి.ఆర్. రావు గారి విషయంలోనే చూశాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళిన కుర్రాడు, 1945లో, పాతికేళ్ళయినా పూర్తిగా నిండకుండా, కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు వేశాడు. ఎంత డేటా ఉంటే ఎంత కచ్చితంగా అంచనా కట్టగలమో, ఏ హద్దు దాటి కచ్చితత్వం రాదో అందులో ఉంది. దానికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి 2023లో ప్రకటించారు. ఆయనకప్పుడు 102 ఏళ్ళు. ఆ ఆగస్టులోనే పోయారు. అప్పటికి ఆ హద్దు ఆయన పేరుతో ఎన్నో తరాల పాఠ్యపుస్తకాల్లో ఉంది. పెళ్ళయి మనవలు పుట్టాక జాతకం చూసి "సంబంధం కుదిరింది" అన్నట్టు. రావు గారికి సంతోషం కలిగే ఉంటుంది, నాకూ కలిగింది. కానీ ఆ బహుమతి మనకి కొత్తగా చెప్పిందేమీ లేదు.

కాబట్టి గడువు ఐదేళ్ళా, డెబ్బై ఎనిమిదేళ్ళా అన్నది పెద్ద విషయం కాదని క్రమంగా నాకు అనిపించసాగింది. ఇంగ్లీషు షరతు మాత్రం నాకు గుచ్చుకుంటుంది. ఈ రంగంలో పెద్ద పేరైన కార్ల్ పాపర్ మొదటి పెద్ద పుస్తకం 1934లో జర్మన్‌లో వచ్చింది, ఇంగ్లీషులోకి 1959లో గానీ రాలేదు. లుడ్విక్ ఫ్లెక్ అనే డాక్టరు, సిఫిలిస్ రక్తపరీక్ష ఎలా పుట్టిందో చెబుతూ, ఒక "వాస్తవం" మనుషుల గుంపులో ఎలా తయారవుతుందో 1935లోనే రాశాడు, అదీ జర్మన్‌లోనే. అది ఇంగ్లీషులోకి 1979లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి 18 ఏళ్ళు. లాకటోష్ సొంత గొప్ప పుస్తకం కూడా ఆయన ఉండగా పుస్తకంగా రాలేదు, పోయాక 1976లో శిష్యులు అచ్చు వేయించారు. తన పేరున్న బహుమతి తనకే వచ్చే దారి లేదు.

అలాగని ఆ లిస్టుని తీసిపారేస్తే కృతఘ్నత అవుతుంది. పుస్తకాల షాపుల్లో ఈ శాస్త్రానికంటూ ఒక షెల్ఫే ఉండదు. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేని నాలాంటివాడికి బహుమతుల లిస్టే కేటలాగు. హసోక్ ఛాంగ్ పుస్తకం "ఇన్వెంటింగ్ టెంపరేచర్" నాకు దొరికింది 2006 లాకటోష్ అవార్డు పుణ్యమే. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన నన్ను ఆ పుస్తకం కూర్చోబెట్టి కొట్టింది. మరిగే స్థానం స్థిరంగా ఉంటుందని తెలియాలంటే ముందు థర్మామీటరు కావాలి. థర్మామీటరు గీతలు దిద్దాలంటే మరిగే స్థానం స్థిరంగా ఉండాలి. ఈ ముడిని మొదట్లో ఎవరు ఎలా విప్పారు? పద్దెనిమిదో శతాబ్దంలో ద లూక్ అనే జెనీవా మనిషి నీళ్ళలోంచి గాలంతా పోగొట్టాలని ఒక ఫ్లాస్కుని నాలుగు వారాలు ఊపాడట, నిద్రకీ, తప్పనిసరి పనులకీ తప్ప కింద పెట్టకుండా. ఆ నీళ్ళు 112 డిగ్రీల దాకా వెళ్ళాక గానీ మరగలేదు. ఇది చదివాక నా క్లాసులో "100 డిగ్రీలు" అనే ముందు ఒక్క క్షణం ఆగడం అలవాటైంది. ఆ అలవాటు ఇప్పించిన బహుమతిని నేను తిట్టలేను.

మరి నా గొడవ ఏమిటంటే, దాన్ని చెప్పడానికి రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఫ్రెంచి సైన్స్ అకాడమీ వివర్తనం మీద బహుమతి ప్రకటించింది. వెలుతురు అంచుల దగ్గర ఎందుకు వంగుతుంది, నీడ పక్కన ఆ చారలేమిటి అన్నది ప్రశ్న. 1818 ఆగస్టుకి గడువు. వచ్చినవి రెండే పేపర్లు. అందులో ఒకటి రాసింది ఒగస్తాఁ ఫ్రెనెల్, రోడ్లూ వంతెనలూ వేసే ప్రభుత్వ ఇంజనీరు, 30 ఏళ్ళవాడు. వెలుతురు తరంగమని ఆయన వాదం. కమిటీలో ఐదుగురు: లప్లాస్, బియో, పాయిజాన్, గేలుసాక్, అరాగో. మొదటి ముగ్గురూ వెలుతురు కణాలే అని గట్టిగా నమ్మినవాళ్ళు. ప్రశ్న రాసిన తీరే కణాల వైపు మొగ్గి ఉంది. మన దగ్గరైతే పోటీకి వెళ్ళకముందే "వాళ్ళ మనిషికే ఇస్తార్లే" అనేసేవాళ్ళం.

ఈ పాయిజాన్ ఎవరో కాదు, ఇంటర్ లెక్కల్లో పాయిజాన్ విభాజనం అని చదివామే, ఆయనే. ఆయన ఫ్రెనెల్ పేపరు తీసుకుని, నాకు నచ్చలేదు అని పక్కన పెట్టలేదు. కాయితం, కలం తీసుకుని ఆ గణితాన్నే ముందుకి నడిపించాడు. ఇది నిజమైతే గుండ్రటి బిళ్ళ నీడలో, సరిగ్గా నడిమధ్య, బిళ్ళే అడ్డు లేనంత వెలుగు కనిపించాలి అని లెక్క తేల్చాడు. నీడ మధ్యలో వెలుగేమిటి, అర్థంలేని మాట అని ఎవరికైనా అనిపిస్తుంది. అరాగో మాత్రం చేసి చూద్దామన్నాడు. రెండు మిల్లీమీటర్ల లోహపు బిళ్ళని మైనంతో గాజుపలకకి అంటించి చూశాడు. చుక్క ఉంది.

నేనూ చేశాను. సైకిల్ షాపులో అడిగి బేరింగ్ గుండు ఒకటి తెచ్చి, చుక్క ఫెవిక్విక్‌తో గాజు స్లైడుకి అంటించాను. లేజర్ పాయింటర్ ముందు చిన్న కటకం పెట్టి వెలుతురు విచ్చుకునేలా చేసి, ఆ దారిలో గుండుని నిలబెట్టి, నాలుగు మీటర్ల దూరంలో గోడకి తెల్లకాయితం అంటించాను. మొదటి రోజు కాయితం మీద ఏవేవో చారలు తప్ప ఏమీ లేదు. తీరా చూస్తే అవి గాజు మీద నా వేలిముద్రలు. మర్నాడు స్పిరిట్‌తో తుడిచి, తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి మళ్ళీ చూశాను. గుండ్రటి నల్లటి నీడ, దాని నట్టనడుమ ఆవగింజంత ఎర్రటి చుక్క. మా ఆవిడ వచ్చి "గుండుకి బెజ్జం ఉందేమో చూడండి" అంది. లేదు. చూసి వచ్చి మళ్ళీ గోడ వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

1819లో బహుమతి ఫ్రెనెల్‌కే ఇచ్చారు. ఈ కథని మామూలుగా "శత్రువు వేసిన లెక్కే శత్రువుని ఓడించింది" అని సినిమా లెవెల్లో చెబుతారు. నేనూ క్లాసులో అలాగే చెప్పేవాణ్ణి. లాకటోష్ శిష్యుడు జాన్ వరాల్ ఆ కమిటీ రిపోర్టుని తీసి చదివి, 1989లో ఒక వ్యాసం రాశాడు. రిపోర్టులో ఆ చుక్కకి మనం అనుకున్నంత పెద్దపీట లేదట. తిన్నని అంచు పక్కన పడే చారల కొలతలు లెక్కతో ఎంత బాగా కలిశాయన్నదే ఎక్కువ బరువు తూగిందట. అంటే ముందుగా తెలియనిదాన్ని చెప్పడం గొప్పా, తెలిసినదాన్ని కచ్చితంగా వివరించడం గొప్పా అన్న పాత తగాదాకి ఆ రిపోర్టు సాక్ష్యం అయ్యింది. ఆ చుక్కని అంతకు వందేళ్ళ ముందే మరాల్డీ లాంటివాళ్ళు చూశారన్నది ఇంకో మెలిక. చూశారు, అందరూ మర్చిపోయారు. ఇంకా చిత్రం, బహుమతి ఇచ్చాక కూడా పాయిజాన్ తరంగవాదంలోకి మారిపోలేదు. నమ్మకుండానే ఇచ్చాడు. పేరు మాత్రం ఆయనకే మిగిలింది, ఇప్పటికీ దాన్ని పాయిజాన్ చుక్క అంటారు.

నమ్మకుండా ఇవ్వడం అన్నది 1922లో స్టాక్‌హోమ్‌లోనూ జరిగింది. ఐన్‌స్టీన్‌కి 1921 నోబెల్ బహుమతిని ఆ ఏడు ఆపి, మరుసటి ఏడు ఇచ్చారు. సాపేక్షతకి కాదు, వెలుతురు పడితే లోహంలోంచి ఎలక్ట్రాన్లు బయటికొచ్చే ఫోటో ఎలక్ట్రిక్ ఫలితం సూత్రానికి. అక్కడా సూత్రానికే ఇచ్చారు, దాని వెనక ఉన్న కాంతి కణాల ఊహని అప్పటికి చాలామంది ఒప్పుకోలేదు. ఆ సూత్రాన్ని కొలిచి నిరూపించిన మిలికనే ఒప్పుకోలేదు. సాపేక్షత సంగతేమిటంటే, బహుమతి ప్రదానం రోజు నోబెల్ కమిటీ తరఫున ఆరీనియస్ తన ప్రసంగంలో అది ముఖ్యంగా జ్ఞానమీమాంసకి (మనకి ఏదైనా ఎలా తెలుస్తుంది అన్న చర్చకి) సంబంధించిందనీ, పారిస్‌లో ప్రసిద్ధ తత్వవేత్త బెర్గ్‌సన్ దాన్ని సవాలు చేశాడనీ చెప్పాడు. ఆ ఏప్రిల్లోనే పారిస్‌లో బెర్గ్‌సన్, ఐన్‌స్టీన్ ఒకే సభలో కాలం గురించి తలపడ్డారు. ఫిజిక్స్ బహుమతి వేదిక మీద తత్వవేత్త పేరు వినపడటం, అదీ ఎదురు సాక్షిగా! బెర్గ్‌సన్ చెప్పినదాన్ని నేను ఒప్పుకోను. కానీ ఆరీనియస్ ఆ ఒక్క వాక్యం అనబట్టే, ఆనాడు ఏది ఎక్కడ అడ్డుపడిందో మనకి ఇవాళ కాస్తయినా తెలుస్తోంది.

ఇప్పుడు వాన్ ఫ్రాసెన్ దగ్గరికి మళ్ళీ రండి. ఒప్పుకోవడం వేరు, నమ్మడం వేరు అని ఆయన పుస్తకం. పాయిజాన్ చేసింది అదే. స్టాక్‌హోమ్‌లో జరిగింది అదే. లాకటోష్ అవార్డు మొట్టమొదట ఇచ్చింది ఆ మాట చెప్పిన పుస్తకానికి. మరి ఆ పుస్తకానికి ఓటు వేసిన వాళ్ళందరూ దాన్ని నమ్మారా? నమ్మకుండా ఒప్పుకున్నారా? ఎవరైనా పాయిజాన్‌లా కూర్చుని, "ఇది నిజమైతే ఫలానా పిచ్చి ఫలితం వస్తుంది చూడండి" అని లెక్క కట్టారా? నేను చదివిన బహుమతి ప్రకటనల్లో, ఈ అవార్డే కాదు, ఈ రంగంలో చాలావాటిలో, ఉన్నవి పుస్తకాన్ని మెచ్చుకునే నాలుగు వాక్యాలు. లోతైనది, మౌలికమైనది, ఎంతో ప్రభావం చూపేది. సన్మాన పత్రాల్లో మనం రాసే "బహుముఖ ప్రజ్ఞాశాలి" లాంటివే. ఇంతమంది తర్కం తెలిసినవాళ్ళు ఒక గదిలో పోట్లాడుకుని ఉంటారు కదా, ఆ పోట్లాట ఏది? 1819 కమిటీ రిపోర్టు రాసి పెట్టింది కాబట్టి 170 ఏళ్ళ తర్వాత వరాల్ దాన్ని తీసి, మనం చెప్పుకుంటున్న కథ తప్పని చూపించగలిగాడు. నాలుగు పొగడ్తల్లో ఎవరైనా ఏం వెతుకుతారు?

జడ్జీల గుట్టు కాపాడాలి, లేకపోతే ఎవరూ మనసు విప్పి మాట్లాడరు అంటారు. ఒప్పుకుంటాను. పేర్లు వద్దు. వాదాలు చాలు. ముఖ్యంగా కమిటీలో ఒప్పుకోనివాడి వాదం, ఒక్క పేజీ. గెలిచిన పుస్తకంతో పాటు దాని మీద గట్టి అభ్యంతరం కూడా అచ్చులో ఉంటే, గడువు ఐదేళ్ళయినా నాకు బాధ లేదు. అప్పుడది తీర్పులా ఉండదు, తర్వాతివాళ్ళు తిరగదోడగల ఫైలులా ఉంటుంది. లాకటోష్ అడిగింది కూడా అంతకన్నా ఎక్కువేమీ కాదని నా ఉద్దేశం. ఓడిపోతున్న వాదాన్ని పట్టుకుని ఉండటం తప్పు కాదు, లెక్క పుస్తకం దాచకుండా ఉంటే చాలు అన్నాడాయన.

లండన్‌వాళ్ళకి ఉత్తరం రాసేంత సీను నాకు లేదు. మా కాలేజీ వరకు చేశాను. ఈ ఏడు మా పోటీకి "కొలవలేనిది సైన్స్ అవుతుందా?" అని అంశం ఇచ్చి, ఒక నియమం పెట్టించాను. ప్రతి జడ్జీ తను తక్కువ వేసిన ఒక పేపరు గురించి అరపేజీ రాయాలి, దాన్ని నోటీసు బోర్డు మీద పెట్టాలి. నాతో పాటు జడ్జీగా ఉన్న తెలుగు మేడమ్ "ఎవరు చదువుతారండీ ఇవన్నీ" అన్నారు గానీ, అందరికన్నా పొడుగ్గా ఆవిడే రాశారు. కరపత్రం అడుగున లైను కొట్టేయించాను. ప్రెస్సు కుర్రాడు మర్చిపోయామనుకుని మళ్ళీ వేసేశాడు, అది వేరే సంగతి.

మర్నాడు పదకొండింటికి సెకండియర్ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. చేతిలో ఫోను, అందులో నేను రాసిన అరపేజీ ఫోటో.

"సార్, నేను ఒక్క ఉదాహరణా ఇవ్వలేదని రాశారు."

"అవునమ్మా, వాదం బావుంది గానీ..."

"ఇచ్చాను సార్. మూడో కాయితం వెనకాల."

బీరువాలోంచి పేపరు తీశాను. మూడో కాయితం వెనకాల, చివరిదాకా, నొప్పి గురించి రాసి ఉంది. డాక్టరు పేషెంటుని పదికి ఎంత అని అడిగి రాసుకునే అంకె కొలతేనా అని. నేను ఆ కాయితం తిప్పనే లేదు.

మార్కులు మార్చాం. మూడో బహుమతి ఇద్దరికి వచ్చింది, షీల్డు ఒకటే ఉంది. రెండోదానికి ఆర్డరిచ్చాను, బిల్లు నా పేరు మీద.